పాప లెక్కపెడుతున్న చేపలు

హైదరాబాద్ నుంచి ఒక తండ్రి రాశారు. పేరు వేయవద్దని కోరారు. ఏడు నెలల కిందట, కూతురి తొమ్మిదో పుట్టినరోజుకి, నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న గాజుతొట్టి కొని హాల్లో పెట్టారు. "అన్నీ సిక్లిడ్‌లే, ఒకే కుటుంబం, కలిసిమెలిసి ఉంటాయి" అని చెప్పి దుకాణదారు పద్నాలుగు చేపలు ఇచ్చాడు. వాటిలో ఆరు యెల్లో ల్యాబ్‌లు, మూడు ఆరేటస్‌లు, నాలుగు ఏంజెల్‌లు, గాజుకు అతుక్కుని పాచి తినే ప్లెకో ఒకటి. ఇప్పుడు తొమ్మిదే మిగిలాయి. మూడు ఏంజెల్‌లు, రెండు యెల్లో ల్యాబ్‌లు చనిపోయాయి. ఆరేటస్‌లలో పెద్దదానికి పాప "పులి" అని పేరు పెట్టుకుంది. అదే అందరినీ తరుముతోందట. కొన్నప్పుడు పసుపు ఒంటిమీద నల్లచారలతో మెరిసిన ఆ చేప రెండు నెలలుగా నల్లబడింది. ఇంకో యెల్లో ల్యాబ్ వారం రోజులుగా ఒక మూల నక్కి, తిండి ముట్టడం లేదు. దానికి జబ్బని దుకాణంలో మందు ఇచ్చారు.

"ప్రతి నెలా మొదటి ఆదివారం చేపలన్నిటినీ బకెట్లోకి తీసి, నీళ్లు మొత్తం పారబోసి, రాళ్లు, ఫిల్టర్ స్పాంజి కుళాయి కింద శుభ్రంగా కడుగుతాను. రెండు రోజులు ప్రశాంతంగా ఉంటాయి. మూడో రోజు నుంచి మళ్లీ యుద్ధమే. చనిపోయిన వాటిలో రెండు అలా కడిగిన వారంలోనే పోయాయి. రోజూ రెండు పూటలా బ్లడ్‌వర్మ్స్ (ఎర్రటి పురుగుల మేత) కడుపునిండా వేస్తున్నాను, ఆకలితో కొట్టుకుంటున్నాయేమోనని. మా పాప బడి నుంచి రాగానే సంచి కూడా దించకుండా తొట్టి ముందు నిలబడి చేపలు లెక్కపెడుతుంది. రెండుసార్లు చచ్చిన చేపను తను చూడకముందే తీసేసి, దుకాణంలో తిరిగి ఇచ్చామని చెప్పాను. ఇంట్లో వారానికో చావు చూడలేను, తొట్టి తీసేయండి అంటోంది నా భార్య. పులిని ఇచ్చేద్దామంటే పాప ఏడుస్తోంది. పులిని తీసేస్తే సమస్య తీరుతుందా? లేక అన్నిటినీ దగ్గర్లోని చెరువులో వదిలేస్తే హాయిగా బతుకుతాయా?" అని అడిగారు.

*

మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించింది సంచి దించని ఆ పాప. ఆమె గురించి తరవాత మాట్లాడతాను. ముందు ఒక పని చేయండి. ఈ రాత్రి తొట్టి దీపం ఆర్పేసిన గంట తరవాత చిన్న టార్చి పట్టుకుని, మూల నక్కిన ఆ యెల్లో ల్యాబ్‌ను పక్కనుంచి చూడండి. పొట్ట వైపు కాదు, గడ్డం కింద. అక్కడ సంచిలా ఉబ్బి, దవడలు దేన్నో నెమ్మదిగా పుక్కిలిస్తున్నట్టు కదులుతున్నాయా? తిండి వేసినప్పుడు ఆశగా ముందుకొచ్చి, నోరు తెరవకుండానే వెనక్కి వెళ్తోందా? అలాగైతే దానికి జబ్బు లేదు. నోట్లో గుడ్లు ఉన్నాయి. ఈ జాతిలో తల్లి గుడ్లు నోట్లో పెట్టుకుని దాదాపు మూడు వారాలు పస్తు ఉంటుంది. ఆ తరవాత పదో ఇరవయ్యో పిల్లల్ని బయటికి వదులుతుంది. పులికి భయపడి కూడా అది మూల చేరి ఉండవచ్చు, కానీ దాని పస్తుకు కారణం వేరు కావచ్చు. ఉబ్బింది గొంతు కాక పొట్ట అయితే, తెల్లటి దారాల్లాంటి మలం వేలాడుతుంటే, మొప్పలు గబగబా కొట్టుకుంటుంటే అప్పుడు జబ్బే. ఈ తేడా తేలేదాకా దుకాణంలో ఇచ్చిన మందు సీసా మూత తీయకండి.

పులి నల్లబడటం కూడా జబ్బు కాదు. ఆరేటస్ చిన్నతనంలో ఆడదైనా మగదైనా పసుపు ఒళ్లు, నల్లచారలే. మగది పెద్దదై, ఆ చోటికి తనదే పెత్తనమని స్థిరపడ్డాక రంగులు తిరగబడతాయి. ఒళ్లు నలుపెక్కి చారలు లేతబడతాయి. మీ పులి కిరీటం పెట్టుకుంది, అంతే.

అది ఎందుకిలా చేస్తోందో తెలియాలంటే దాని పుట్టింటికి వెళ్లాలి. యెల్లో ల్యాబ్‌లు, ఆరేటస్‌లు తూర్పు ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపలు. ఒడ్డు వెంబడి నీటి అడుగున బండరాళ్ల గుట్టలు ఉంటాయి. వాటిమీద పాచి తివాచీలా పరుచుకుంటుంది. మగ ఆరేటస్‌కి ఒక రాతి సందు, దాని చుట్టూ ఉన్న కాస్త పాచే సర్వస్వం. కడుపు నిండేదీ అక్కడే, ఆడచేప వచ్చి గుడ్లు పెట్టేదీ అక్కడే. మరో చేప ఆ హద్దులోకి వస్తే తరుముతుంది. ఓడినది నాలుగైదు మీటర్లు దూసుకుపోయి ఇంకో రాయి చాటుకు చేరుతుంది. గొడవ అక్కడితో ముగుస్తుంది. సాధారణంగా రక్తం చిందదు, ప్రాణం పోదు.

ఇప్పుడు మీ తొట్టి చూడండి. నాలుగడుగులంటే మీటరుకు కాస్త ఎక్కువ. ఓడిన చేప పారిపోతుంది, గాజు తగులుతుంది. వెనక్కి తిరుగుతుంది, పులి ఎదురుగా ఉంటుంది. పులి లెక్క ప్రకారం ఆ చేప ఇంకా తన హద్దులోనే నిలబడి సవాలు చేస్తోంది. అందుకే మళ్లీ కొడుతుంది, మళ్లీ మళ్లీ కొడుతుంది. మీ హాల్లో జరుగుతున్నది ఇదే. ఓడినదానికి పోయే చోటు లేదు. ఇక మీరు ఏం చేయాలనుకున్నా ఒక్క ప్రశ్నతో తూచండి: ఓడిన చేపకు పులి కంట పడకుండా నిలిచే చోటు దీనివల్ల దొరుకుతుందా?

మీ నెలవారీ శుభ్రత గురించి చెప్పక తప్పదు. మీరు ప్రేమతోనే చేశారు, కానీ కొన్ని చావులకు అది కూడా కారణమై ఉంటుందని నాకు గట్టి అనుమానం. చేపల మలమూత్రాల నుంచి, మిగిలిన తిండి నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని హానిలేని స్థితికి మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్ స్పాంజిలోనూ రాళ్లమీదా కాపురం ఉంటాయి. కుళాయి కింద కడిగేసరికి, ముఖ్యంగా క్లోరిన్ ఉన్న నీటితో, అవి చాలావరకు నశిస్తాయి. మర్నాటి నుంచి అమ్మోనియా పేరుకుంటుంది. మీరు పోస్తున్న నీళ్లు కఠిన జలం అయితే, క్షార గుణం ఎక్కువైతే, అమ్మోనియా విషం ఇంకా పదునెక్కుతుంది. మొప్పలు మండుతున్న చేప సరిగా ఈదలేదు, తరిమితే తప్పించుకోలేదు. దానికి తోడు రాళ్లన్నీ తీసి మళ్లీ పెట్టడంతో పాత హద్దులు చెరిగిపోతాయి. బెదిరిన చేపలు రెండు రోజులు ఊరుకుంటాయి. మూడో రోజు కొత్త హద్దుల కోసం పోరు మొదటికి వస్తుంది. మీరు నెలనెలా ఎన్నికలు పెడుతున్నారు, ప్రతిసారీ పులే గెలుస్తోంది.

కాబట్టి ఏ దారి ఎంచుకున్నా ఈ అలవాటు మానేయండి. వారానికోసారి మూడో వంతు నీరు మాత్రమే మార్చండి. కొత్త నీటిలో క్లోరిన్ విరిచే మందు కలపండి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీటిలోనే పిండండి. అమ్మోనియా కొలిచే కిట్టు ఒకటి కొనండి. అందులో సున్నా తప్ప ఏ అంకె కనిపించినా ఆ రోజే నీరు మార్చాలి. బ్లడ్‌వర్మ్స్ ఆపేయండి. ఆరేటస్‌లు పాచి గీక్కుని బతికే చేపలు, వాటి పేగు పొడుగు. మాంసం ఎక్కువైతే పొట్ట ఉబ్బి చనిపోయే జబ్బు వస్తుంది, భయంతో నలిగిన చేపకు ఆ ముప్పు మరీ ఎక్కువ. స్పిరులినా అనే నాచు ఉన్న గుళికలు, రెండు నిమిషాల్లో తినేయగలిగినంతే వేయండి. కడుపు నింపితే కోపం తగ్గుతుందన్న మీ ఆలోచన అర్థమవుతోంది, కానీ ఇది ఆకలి కోపం కాదు. మూలన ఉన్నది తల్లే అయితే దానికి తిండి అందించాలని తంటాలు పడకండి.

ఇక మిగిలిన ఒక్క ఏంజెల్. దీని విషయంలో నేను రెండో మాట చెప్పలేను. అది కూడా సిక్లిడే, నిజమే. మన చెరువుల్లో దొరికే తిలాపియా కూడా సిక్లిడే. ఒకే కుటుంబమన్నంత మాత్రాన ఒకే ఇంట్లో ఇమడాలని లేదు. ఏంజెల్‌ది దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం. మెత్తటి నీటిలో, మొక్కల మధ్య నెమ్మదిగా తేలుతూ తిరిగే చేప. మన దగ్గర అమ్మేవి ఫారాల్లో పుట్టినవి కాబట్టి కాస్త కఠిన జలాన్ని తట్టుకుంటాయి. తట్టుకోలేనిది ఇరుగుపొరుగునే. వేలాడే ఆ పొడవైన రెక్కలు ఆరేటస్‌కి కొరకడానికి పిలిచినట్టే ఉంటాయి. రేపే దాన్ని వేరే ఇంటికి పంపండి. ఏంజెల్‌లు పెంచేవారు మీ ఊళ్లో చాలామంది ఉంటారు, దుకాణం వారూ తీసుకుంటారు. ఇంట్లోనే ఉండాలనుకుంటే దానికి వేరే తొట్టి కావాలి. ప్లెకోకి ప్రస్తుతానికి తొందర లేదు, అయితే అది అడుగు దాటి పెరిగే చేప అని గుర్తుంచుకోండి.

ఇప్పుడు పులి. మీ ముందు మూడు నాలుగు దారులున్నాయి, ప్రతిదానికీ ఖరీదు ఉంది.

మొదటిది, ఇచ్చేయడం. నాలుగు యెల్లో ల్యాబ్‌లు మిగులుతాయి. సిక్లిడ్‌లలో సాధువులు అవి. ఇంకో ఆరింటిని తెచ్చుకుంటే తొట్టి ప్రశాంతంగా, పసుపుపచ్చగా కళకళలాడుతుంది. అయితే పులిని మాత్రమే పంపి మిగిలిన రెండు ఆరేటస్‌లను ఉంచుకుంటే మోసపోతారు. ఆ రెండింటిలో ఒకటి మగది అయి ఉండి, పులి భయానికి ఆడచేపలా రంగు దాచుకుని బతుకుతూ ఉండవచ్చు. ఆఫ్రికాలోనే ఉన్న టాంగన్యీకా సరస్సుకు చెందిన ఒక సిక్లిడ్ జాతి మీద శాస్త్రవేత్తలు ఇది గమనించారు: పెత్తనం చేసే మగదాన్ని తొట్టిలోంచి తీసేస్తే, అంతవరకు వెలవెలబోతూ ఉన్న మరో మగది నిమిషాల్లోనే రంగు పుంజుకుని ఆ చోటు ఆక్రమిస్తుంది. నా తొట్టిలోనూ ఇలాగే జరిగింది. దౌర్జన్యం చేస్తోందని ఒకదాన్ని ఇచ్చేశాను. సాయంత్రానికల్లా, అంతకుముందు పంపు వెనకనుంచి కదలని చేప మధ్య రాయి ఎక్కి కూర్చుంది. అది మరీ కర్కశమైనది. కాబట్టి పంపితే మూడు ఆరేటస్‌లనూ కలిపి పంపండి.

రెండోది, పులిని ఉంచుకుని దానికి తగ్గట్టు తొట్టిని మార్చడం. ఇది వినడానికి తలకిందులుగా ఉంటుంది: చేపలు తగ్గించడానికి బదులు పెంచాలి. ఇప్పుడు పులి దెబ్బలన్నీ ఎనిమిది చేపలమీద, నిజానికి భయపడేవాటిమీదే, పడుతున్నాయి. అదే తొట్టిలో పదహారు, పద్దెనిమిది మలావీ చేపలు ఉంటే ఒకదాన్ని తరమబోయేలోపు ఇంకోటి అడ్డొస్తుంది. కోపం పంచుకుపోతుంది. హద్దు కాయడమే సాధ్యం కాదు. పులికి నాలుగైదు ఆడ ఆరేటస్‌లు కూడా ఉండాలి. ఒక్క ఆడదే ఉంటే దాన్ని వెంటబడి చంపేస్తుంది. మీ తొట్టి లెక్కకు 255 లీటర్లు, రాళ్లూ ఇసుకా పోను 220 అనుకోండి. అన్ని చేపలకు గంటకు 2,000 లీటర్లకు తగ్గకుండా నీటిని తిప్పే ఫిల్టర్ కావాలి. వారంవారం నీటి మార్పు ఒక్కసారి కూడా తప్పకూడదు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిచే గాలి పంపు ఉండాలి, లేకుంటే కిక్కిరిసిన తొట్టిలో గంటల్లో ప్రాణవాయువు అయిపోతుంది. ఎండాకాలంలో నీరు వేడెక్కితే ఈ ముప్పు రెట్టింపు. ఇంత చేసినా, ఆరేటస్ ఈ గుంపు మొత్తంలో పేరుపడ్డ కోపిష్టి కనుక, ఇది ఫలిస్తుందని మాట ఇవ్వలేను. పైగా కొత్త చేపలన్నిటినీ ఒకేసారి దింపాలి. ఒకటీ రెండూ చొప్పున వేస్తే వాటిని ఒక్కొక్కటిగా బలి ఇచ్చినట్టే. మీ ఉద్యోగం, మీ ఇంటి పరిస్థితి నాకు తెలియవు కాని, ఉత్తరంలో కనిపించిన అలసటను బట్టి చూస్తే ఈ దారి మీకు భారమవుతుందనే అనిపిస్తోంది.

మూడోది, పులికి సొంత తొట్టి. మూడడుగులది సరిపోతుంది. ఒంటరిగా ఉన్నందుకు అది బెంగపెట్టుకోదు. పాపకు పులి దూరం కాదు, మిగతావాటికి ప్రాణభయం ఉండదు. ఖర్చు, చోటు, ఇంకో తొట్టి చాకిరీ మీవి. ఇక్కడ కూడా మిగిలిన రెండు ఆరేటస్‌ల సంగతి మరవకండి, అవి వెళ్లిపోవాల్సిందే.

నాలుగోది దారి అనలేను, ఊపిరి పీల్చుకునే వ్యవధి. రంధ్రాలున్న ప్లాస్టిక్ పలకతో తొట్టిని అడ్డంగా విడదీయడమో, పులిని వల పెట్టెలో పెట్టి అదే తొట్టిలో పది రోజులు ఉంచడమో చేయవచ్చు. ఈలోగా మిగతావి చోట్లు సర్దుకుంటాయి. తిరిగి వదిలాక పులి కొన్నాళ్లు అణిగి ఉండవచ్చు. చాలాసార్లు మళ్లీ పాత పద్ధతికే వస్తుంది. ఈ వారం నిర్ణయం తీసుకునేదాకా మాత్రం ఇది తప్పకుండా చేయండి, నోట్లో గుడ్లున్న ఆ తల్లికోసమైనా.

చెరువు మాట మాత్రం మనసులోంచి తీసేయండి. కొన్ని చచ్చిపోతాయి, కొన్ని బతికి అంతకంటే పెద్ద కీడు చేస్తాయి. తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు, ఇప్పుడు అది లేని చెరువు వెతుక్కోవాలి. మీ ప్లెకో బంధువుల సంగతి ఇంకా దారుణం. దెయ్యం చేప అని మన మత్స్యకారులు తిట్టుకునే ఆ ముళ్ల చేపలు ఆక్వేరియంల నుంచి తప్పించుకున్నవే. అవి తూర్పు కనుమల జలవనరుల్లో విస్తరించాయని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు గుర్తించారు. వాటి ముళ్లకు వలలు చిరిగి నష్టపోతున్నది మీకూ నాకూ చేపలు పట్టి పెట్టేవారే.

ఏ దారిలో వెళ్లినా రాళ్ల అమరిక మార్చాలి, ఈసారి చివరిసారిగా. ఇప్పుడు మీ తొట్టిలో ఎన్ని రాళ్లున్నాయో రాయలేదు. దుకాణాల్లో సాధారణంగా ఇచ్చే మూడు నాలుగు గులకరాళ్లు, ఒక ప్లాస్టిక్ కోట అయితే అవి దేనికీ చాలవు. కడప రాయి, తాండూరు రాయి ముక్కలు బండలు కోసే చోట చవకగా దొరుకుతాయి. అవి సున్నపురాళ్లు. నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా నురగ వస్తుంది. వేరే తొట్టిలో అయితే వద్దంటాను కానీ కఠిన జలాన్ని ఇష్టపడే మలావీ చేపలకు అవి చక్కగా సరిపోతాయి. పాలిష్ చేసినవి వద్దు. పదునైన అంచులు రుద్ది, బాగా కడిగి, తొట్టి అడుగున పలచటి ప్లాస్టిక్ జల్లెడ పరిచి, దానిమీద రాళ్లు నిలబెట్టి, ఇసుక తరవాత పోయండి. ఇసుక మీద రాళ్లు పేర్చారంటే ఈ చేపలు కింద తవ్వుతాయి, గుట్ట కూలి అద్దం పగులుతుంది. ఒకే పెద్ద గుట్ట కట్టకండి, అది మొత్తం ఒక్కడి కోట అవుతుంది. మూడు గుట్టలు, ఎత్తు తొట్టిలో మూడింట రెండు వంతులు. ఒక గుట్ట దగ్గర నిలిచిన చేపకు ఇంకో గుట్ట వెనక ఏముందో కనిపించకూడదు. ప్రతి సందుకీ రెండు దారులు ఉండాలి. ఒక్కటే దారి ఉన్న గుహలో ఓడిన చేప చిక్కిపోతుంది.

ఇక పాప. ఆమె రోజూ లెక్కపెడుతోందంటే, మీరు చెప్పిన దుకాణం కథను నమ్మలేదన్నమాట. ఇంకెప్పుడు ఏది మాయమవుతుందోనన్న భయంతో లెక్కపెడుతోంది. ఆమెను కూర్చోబెట్టి ఆ రెండూ చనిపోయాయని చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. పులి చెడ్డది కాదని, దానికి తన సరస్సులో ఉన్నంత చోటు మనం ఇవ్వలేకపోయామని చెప్పండి. తొమ్మిదేళ్ల పిల్లకు అర్థమవుతుంది. తరవాత పై దారులన్నీ ఆమె ముందు పెట్టండి, ఇచ్చేయడం కూడా. ఎవరికి ఇస్తున్నారో, ఆ తొట్టి ఎంత పెద్దదో ఆమెను వెంట తీసుకెళ్లి చూపిస్తే "పులిని పంపేశారు" అన్న బాధకూ "పులికి ఇల్లు చూశాం" అన్న ఊరటకూ తేడా ఆమెకే తెలుస్తుంది. మీ భార్య మాటనూ తేలిగ్గా తీసుకోకండి. వారానికో చావు ఏ ఇంట్లోనూ ఉండకూడదు. మార్పులు మొదలుపెట్టాక నెల రోజులు గడువు అడగండి, అప్పటికీ ఇంకో చేప పోతే తొట్టి ఖాళీ చేద్దామని మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

ఈ రాత్రి టార్చి పట్టుకునేటప్పుడు పాపను కూడా పక్కన నిలబెట్టుకోండి. ఆ తల్లి గొంతు నిజంగా ఉబ్బి ఉంటే, పిల్లల్ని వదిలే రోజుకి చిన్న వల పెట్టె ఒకటి సిద్ధం చేసి ఉంచండి. మూడు వారాల్లో ఒకటి అటూ ఇటూ అయిపోయింది కాబట్టి మీకు దాదాపు రెండు వారాలే వ్యవధి. రాళ్లు మార్చే పని మాత్రం ఆ పిల్లలు బయటపడ్డాకే పెట్టుకోండి. చేత్తో కదిలిస్తే భయపడి గుడ్లు ఉమ్మేసే తల్లులను నేను చూశాను.